4కె మానిటర్ కొన్నాను, ఆషాఢమంతా దానితోనే సరిపోయింది

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇంటి దగ్గరే కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. కావలి, ఆత్మకూరు, కోవూరు స్టూడియోల వాళ్లు హార్డ్ డిస్క్ పంపిస్తారు. నేను కలర్ కరెక్షన్ చేసి, మొహాలు క్లీన్ చేసి, షీట్లు కట్టి ఇస్తాను. షీటుకు 60 రూపాయలు. పాత మానిటర్ తీసేసి 4కె (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, ఉండేది) పెట్టుకుందామని 2025 జూన్ 12న అడ్వాన్స్ కట్టాను. జులై ఆఖరి వారానికి గానీ పని దారిలో పడలేదు. నాలాంటి డిజైనర్లు, చిన్న స్టూడియోల వాళ్లు కొనే ఆలోచనలో ఉంటే మధ్యలో ఏమేం తగులుతాయో ముందే తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

నా పాతది 2016లో కంప్యూటర్‌తో పాటు కొన్న 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. అడ్డంగా 1920 పిక్సెళ్లు, నిలువుగా 1080. ఇప్పుడందరూ అడిగే 12 బై 36 అంగుళాల షీటును 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చేస్తే 10,800 బై 3,600 పిక్సెళ్లు. ఫొటోషాప్ ప్యానెళ్లు పోను మిగిలిన జాగాలో షీటు మొత్తం కనపడాలంటే 15 శాతానికి కుదించాలి. ప్రింటులో అంగుళం సైజుండే మొహం అక్కడ 45 పిక్సెళ్లకు వస్తుంది. మనిషి కళ్లు మూశాడో తెరిచాడో తెలీదు. ప్రతి మొహానికీ జూమ్ చేయడం, చూడటం, మళ్లీ వెనక్కి రావడం. దానికి తోడు అది టీఎన్ ప్యానెల్, చూసే కోణం మారితే రంగు మారే రకం. కుర్చీలో కాస్త కిందికి జారితే పెళ్లికూతురు ఒక రంగు, నిటారుగా కూర్చుంటే ఇంకో రంగు. మే నెలలో సాయంత్రమయ్యేసరికి తలనొప్పి మొదలయ్యేది. పొగతోటలో కళ్ల డాక్టర్‌కి చూపించుకుంటే అద్దాల నంబర్ మారిందన్నారు. మానిటర్ మార్చమని ఆయనేం చెప్పలేదు లెండి, అది నాకు నేను రాసుకున్న మందు.

మానిటర్ మార్చడానికి ఆషాఢం కన్నా చెడ్డ టైం ఇంకోటి లేదు. వేసవిలో పెళ్లయిన అమ్మాయి ఆ నెల పుట్టింట్లో ఉంటుంది, శ్రావణంలో అత్తారింటికి పోయేటప్పుడు ఆల్బమ్ చేతిలో ఉండాలి. అందుకని ఫొటోగ్రాఫర్లు ఖాళీగా ఉండే నెలలోనే నాకు ఊపిరాడదు. అయినా పెళ్లిళ్ల డబ్బులు చేతికొచ్చేది కూడా అప్పుడే.

ట్రంకు రోడ్డులో షాపులన్నీ తిరిగాను. గోడంత టీవీలున్నాయి, రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ మానిటర్లున్నాయి. ఫొటో పనికి 27 అంగుళాల 4కె ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం) అంటే మాత్రం "తెప్పిస్తాం మేడమ్" అనే మాటే. ఒక్క షాపులో ఆ రకం ఒకటి ఆన్‌లో ఉంది, దాని మీద చిలకలు, కోసిన పుచ్చకాయలు తిరుగుతున్నాయి. అలాంటి వీడియోలో ఏ స్క్రీనైనా బాగానే ఉంటుంది. నేను పెన్‌డ్రైవ్‌లో నా ఫొటోలే తీసుకెళ్లాను. మంగళస్నానం ఫొటో ఒకటి, రాణి కలర్ పట్టుచీర ఒకటి, చామనఛాయ మొహాలున్న గ్రూప్ ఫొటో ఒకటి. పెట్టి చూపించమంటే ఆ కుర్రాడు ముందు నసిగాడు గానీ, ఓనర్ ఒప్పుకున్నాడు. పక్కకు నిలబడి చూసినా మొహాల రంగు మారలేదు. అక్కడే తేలిపోయింది.

మా ఆయన చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోదామన్నారు. అక్కడ రెండు వేలు తగ్గే మాట నిజమే. కానీ అంత అద్దాన్ని పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని రావాలి, రిపేరొస్తే మళ్లీ చెన్నైకే మోసుకుపోవాలి. నెల్లూరులోనే 27,500కి మాట్లాడి, 5 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. సోమవారానికి వస్తుందన్నారు. 16వ తేదీ సోమవారం వెళ్లింది, ఫోన్ లేదు. నేను చేస్తే "లోడ్ గూడూరు దాటింది మేడమ్" అన్నారు. గూడూరు నుంచి నెల్లూరుకు దానికి మూడు రోజులు పట్టింది. 19న వచ్చింది.

బిల్లు రాయకముందే షాపులో ఆన్ చేయించి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఖాళీ బొమ్మలు స్క్రీన్ నిండా వేసి చూశాను. ఇది మాత్రం కొనేవాళ్లందరూ చేయండి. నలుపు మీద కుడివైపు కింది మూలలో ఒక పిక్సెల్ ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. 82 లక్షల 94 వేల పిక్సెళ్లలో ఒక్కటి. మార్చమంటే, ఒక్క దానికి కంపెనీ వాళ్లు మార్చరు, కొన్ని ఉంటేనే తీసుకుంటారని చెప్పారు. వేరే పీస్ తెప్పించాలంటే ఇంకో పది రోజులు. అది సరిగ్గా టాస్క్‌బార్‌లో గడియారం దగ్గర పడింది కాబట్టి 500 తగ్గించమని అడిగి, 27 వేలకు తీసుకున్నాను.

ఇంట్లో కేబుల్ పెట్టగానే బొమ్మ వచ్చింది. అక్షరాలు పుస్తకంలో అచ్చేసినంత పదునుగా ఉన్నాయి. కానీ మౌస్ కదిపితే బాణం గుర్తు వెనక నుంచి ఈడ్చుకుంటూ వస్తోంది. బ్రష్‌తో మొటిమ మచ్చలు తీస్తుంటే చెయ్యి ముందు పోతోంది, బ్రష్ తర్వాత వస్తోంది. ఫిట్ చేయడానికొచ్చిన అబ్బాయి, "ఫుల్ హెచ్‌డీలో పెట్టేస్తా అక్కా, స్మూత్‌గా పోతాది" అన్నాడు. "అట్టా పెట్టుకునేదానికా నాయనా 27 వేలు పోసింది!" అన్నాను. వాడు నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి చూస్తే రిఫ్రెష్ రేట్ (సెకనుకు తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) 30 హెర్ట్జ్ అని ఉంది. 60 అనే ఆప్షనే లేదు.

తప్పు మానిటర్‌ది కాదు. నా కంప్యూటర్ మదర్‌బోర్డుకు ఉన్నవి వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండే పోర్టులు. ఆ హెచ్‌డీఎంఐ 1.4 రకం. దాంట్లో 4కె వస్తుంది గానీ సెకనుకు 30 సార్లే. 60 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లే పోర్ట్ 1.2 గానీ ఉండాలి. నన్ను "మీ సీపీయూ ఏది?" అని అడిగిన షాపతను ఒక్కడు లేడు. జూన్ 23న జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు వేయించాను, 7,800. 30 వాట్లే తీసుకుంటుంది కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చక్కర్లేకుండా బయటపడ్డాను. కార్డు పెట్టాక ఇంట్లో ఉన్న పాత కేబుల్ వాడితే నాలుగైదు నిమిషాలకోసారి స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తోంది. ప్రీమియం హై స్పీడ్ అని రాసి ఉన్న కేబుల్ కొంటే ఆగింది. దానికి 850.

ఆ రోజు రాత్రి పని పక్కన పెట్టి ఊరికే ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. ఆత్మకూరు పెళ్లిలో తీసిన ఒక మండపం ఫొటో. తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్లికొడుకు జుట్టులో ఇరుక్కున్న బియ్యపు గింజల మీద పసుపు కనిపిస్తోంది. వెనక మూడో వరసలో కుర్చీలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, ఒళ్లో ఉన్న పిల్లాడు ఆయన జేబులోంచి కళ్లజోడు లాగుతున్నాడు. ఈ ఫొటోను నేను అప్పటికే రెండు రోజులు దిద్దాను, వాళ్లిద్దరినీ ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు ఆ కుర్చీల వరసను మసక చేసేసి పంపేదాన్నేమో. అలాగే ఉంచాను.

అప్పుడు మొదలైంది అసలు తంటా. మొదటిది సాఫ్ట్‌వేర్. 27 అంగుళాల్లో 4కె అంటే అంగుళానికి 163 పిక్సెళ్లు, నా పాతదాంట్లో 102. ఏమీ మార్చకపోతే మెనూ అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. విండోస్ తనే స్కేలింగ్ 150 శాతం పెట్టింది. కొత్త ఫొటోషాప్ దానికి తగ్గట్టు సర్దుకుంది, ఫొటోను మాత్రం అసలు పిక్సెళ్లలోనే చూపిస్తుంది. కానీ పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు నేనింకా ఫొటోషాప్ 7లోనే అను తెలుగు ఫాంట్లతో కొడతాను. అది 2002 నాటి సాఫ్ట్‌వేర్, దానికి ఇలాంటి స్క్రీన్ ఒకటి వస్తుందనే తెలీదు. విండోస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది, అంతా మసక. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో హై డీపీఐ సెట్టింగ్ మారిస్తే మసక పోతుంది, కానీ టూల్స్ పిసరంత అయిపోతాయి. రెండూ చూసి మసకే నయమనుకున్నాను. పేర్లు కొట్టడానికే కదా. ఫొటోలు మాత్రం దాంట్లో తెరవకండి, 4కె స్క్రీన్ మీద ఉన్నా మీరు చూసేది 4కె కాదు.

రెండోది జూమ్. ఇది నన్ను బాగా తికమక పెట్టింది. పాత మానిటర్ మీద 100 శాతంలో చూస్తే రాత్రి రిసెప్షన్ ఫొటోల్లో నాయిస్ (తక్కువ వెలుగులో ఫొటో మీద వచ్చే గింజలు) గరుగ్గా కనిపించేది. కొత్తదాంట్లో అదే ఫొటో 100 శాతంలో నున్నగా ఉంది. పిక్సెళ్లు చిన్నవైపోయాయి, గింజలు కంటికి ఆనడం లేదు. ఫోకస్ కాస్త తప్పినా తెలియడం లేదు. ఇప్పుడు షార్ప్‌నెస్, నాయిస్ చూడాలంటే 200 శాతంలో చూస్తున్నాను. దానికి పూర్తిగా ఎదురు సమస్య ఇంకోటి. దగ్గరికి జూమ్ చేసుకుని చర్మం మీద రంధ్రాలన్నీ తుడుస్తూ కూర్చుంటే ఒక్కో షీటుకు గంట పడుతోంది, ప్రింటులో ఆ తేడా ఎవరికీ కనపడదు. చివరికి పాత ప్రింటు షీటు ఒకటి తెచ్చి స్క్రీన్‌కి ఆనించి, స్కేలుతో కొలిచాను. 54 శాతం జూమ్‌లో స్క్రీన్ మీది మొహం, ప్రింటులో మొహం ఒకే సైజు. 163ని 300తో భాగిస్తే వచ్చేదీ అంతే. ఇప్పుడు 54లో కనపడని మచ్చ జోలికి పోవడం లేదు. ఈ ఒక్కటి తెలిశాక నా టైం సగానికి సగం మిగిలింది.

మెమరీ కూడా చాల్లేదు. 39 మెగాపిక్సెళ్ల షీటులో ఇరవై లేయర్లు పెడితే 8 జీబీ ర్యామ్ పాత స్క్రీన్‌తోనే అంతంతమాత్రం. ఇప్పుడు జూమ్ చేసినప్పుడల్లా ముందు గళ్లు గళ్లుగా వచ్చి తర్వాత బొమ్మ వస్తోంది. ఇంకో 8 జీబీ వేయించాను, 2 వేలు. ఫొటోలు ఏరుకుని సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో స్టాండర్డ్ ప్రివ్యూ సైజు స్క్రీన్‌కి తగ్గట్టు పెరిగింది, కేటలాగ్ పక్కన ప్రివ్యూల ఫోల్డర్ ఉబ్బిపోయి ఎస్‌ఎస్‌డీ నిండింది. పాత పెళ్లిళ్ల ప్రివ్యూలు తీసేస్తే గానీ కుదరలేదు.

ఇక ప్రింటు. కొత్త స్క్రీన్ కదా అని ఆత్మకూరు ఆల్బమ్‌లో రెండు షీట్లే ముందు విజయవాడ ల్యాబ్‌కి పంపాను, జూన్ 27న. జులై 1న ఆర్టీసీ కార్గోలో వచ్చాయి. బస్టాండ్‌లోనే ప్యాకెట్ విప్పాను. గుండె గుభేలుమంది. స్క్రీన్ మీద మెరిసిపోతున్న పెళ్లి మండపం ప్రింటులో కరెంటు పోయినట్టుంది. ఫొటో తీసిన అన్నకు చూపిస్తే, "ఏందమ్మా, పెళ్లికూతురు మొహం ఇట్టా నల్లబడింది! వాళ్లమ్మ నన్ను బతకనిస్తదా?" అన్నాడు. ల్యాబ్ వాళ్లు, మా దగ్గర మిగతావన్నీ బాగానే వస్తున్నాయి, మీ ఫైలే అలా ఉందన్నారు. అది నిజమే. మానిటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెలుగులోనే ఉంది. అది షోరూంలో లైట్ల మధ్య మెరవడానికి పెట్టినది. ఒక్క ట్యూబ్‌లైటు గదిలో అంత వెలుగులో చూస్తే ఏ ఫొటో అయినా తెల్లగానే ఉంటుంది, మనం ఇంకాస్త తగ్గించి పంపుతాం.

స్క్రీన్ వెలుగు, రంగు కొలిచి సరిచేసే కేలిబ్రేటర్ కొత్తది అప్పుడు 15 వేల పైమాటే. ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే కావలిలో ఒకన్న దగ్గర ఉందన్నారు. ఊరికే ఇవ్వడు, తనే వచ్చి చేసి పోతాడు, 500. జులై 5న వస్తానన్నాడు. మర్నాటి నుంచి రొట్టెల పండగ. ఎక్కడెక్కడి నుంచో జనం బారాషహీద్ దర్గాకి వస్తారు, దర్గామిట్ట వైపు ట్రాఫిక్ మళ్లించేస్తారు. ఆయనకు కూడా అక్కడ ఫొటోల పని పడింది. 12వ తేదీకి వాయిదా. ఆల్బమ్ వాళ్ల ఫోన్లు రోజూ వస్తున్నాయి. ఆ వారమంతా నాకు ఒకటే టెన్షన్. స్క్రీన్ ఆన్ చేస్తే ఏ రంగు నమ్మాలో తెలీదు. అలవాటైన పాత మానిటర్ పెట్టుకుని పంపేద్దామా అని కూడా అనిపించింది.

ఖాళీగా ఉండలేక ఆ రోజుల్లో గదికి రంగు వేయించాను. నా వెనక గోడ గులాబీ రంగు. సాయంత్రం కిటికీలోంచి ఎండ పడితే ఆ గులాబీ వెలుగంతా స్క్రీన్ మీదికి వచ్చేది, మొహాలు ఎర్రబడ్డాయని నేను తగ్గించేదాన్ని. లేత బూడిద రంగు వేయించి, కిటికీకి మందం కర్టెన్ కట్టాను. కూలీతో కలిపి 1,800. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, "శ్రావణ మాసం వస్తుంటే ఇంటికి ఎవరైనా బూడిద పూస్తారా?" అన్నారు. వరలక్ష్మీ వ్రతం ఆ గదిలో చేయమని మాటిస్తే గానీ ఊరుకోలేదు. టేబుల్ కూడా గోడ నుంచి జరిపాను. రెండడుగుల లోతు టేబుల్‌లో స్టాండే సగం తినేసింది, 27 అంగుళాలు మొహం మీదికొచ్చినట్టుండేది.

12న కావలి అన్న వచ్చాడు. ముందు అరగంట మానిటర్ వేడెక్కనివ్వాలన్నాడు, కాఫీ తాగాం. తర్వాత గుండ్రటి చిన్న సెన్సర్‌ను స్క్రీన్ మధ్యలో వేలాడదీశాడు. దాని వైరుకున్న బరువు వెనక్కి వేస్తే అది కదలకుండా అద్దానికి అతుక్కుని ఉంటుంది. మానిటర్‌ను కాస్త వెనక్కి వంచాడు, సందులోంచి వెలుగు పోకుండా. గదిలో లైట్లు ఆపేశాం. సెన్సర్ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు పలకలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోయాయి. మొదటి కొలతలో వెలుగు చదరపు మీటరుకు 300 క్యాండెలాలు దాటింది. ప్రింటు పనికి 80 నుంచి 120 మధ్య ఉండాలట. నా గదికి 110 పెట్టాడు, తెలుపు 6500 కెల్విన్, గామా 2.2. మానిటర్ మెనూలో బ్రైట్‌నెస్ 75 నుంచి 22కి దిగింది. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. నేను దాని కోసం పదకొండు రోజులు ఎదురుచూశాను.

అయ్యాక చూస్తే స్క్రీన్ పసుపుగా, నీరసంగా ఉంది. మా ఆయన, "డబ్బులు పోసి కాంతి తీసేయించుకున్నావా?" అన్నారు. అన్న మాత్రం, "రెండు రోజులు చూడమ్మా, తర్వాత మామూలు స్క్రీన్లే నీలంగా కనిపిస్తాయి" అన్నాడు. అలాగే జరిగింది. ఇప్పుడు పక్కన నా పాత మానిటర్ చూస్తే నీలిమందు నీళ్లలో ముంచినట్టుంది.

రాణి కలర్ చీర సంగతి కూడా ఆ రోజే తేలింది. ప్రింటులో చీర అంతా ఒకే ముద్దగా వచ్చింది, మడతలు లేవు, బుటాలు లేవు. అన్న హిస్టోగ్రాం (ఫొటోలో ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) తెరిచి చూపించాడు, రెడ్ ఛానెల్ 255 దగ్గర, అంటే ఆఖరి హద్దు దగ్గర, గోడకు కొట్టుకుని ఉంది. పైగా ఆ కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ అనే పెద్ద రంగుల పరిధి పెట్టి తీశారు, ల్యాబ్ తీసుకునేది దానికన్నా చిన్నదైన ఎస్‌ఆర్‌జీబీ. రా ఫైల్ (కెమెరా ఏమీ దిద్దకుండా దాచిన ఫైల్) నుంచి ఆ ఒక్క రంగు సాచురేషన్ తగ్గించి, ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి సేవ్ చేస్తే బుటాల అంచులు తిరిగొచ్చాయి. ఎంత మంచి మానిటరైనా ఫైల్లో లేని దారాన్ని చూపించలేదు కదా.

అవే రెండు షీట్లు 14న మళ్లీ పంపితే 17న వచ్చాయి. ఈసారి బస్టాండ్‌లో విప్పలేదు, ఇంటికి తెచ్చి స్క్రీన్ పక్కన పట్టుకుని చూశాను. మొహాల రంగు కుదిరింది. స్క్రీన్ మీదికన్నా ప్రింటు ఇంకా పిసరు ముదురే, అది వెనక నుంచి వెలుగొచ్చే అద్దానికీ కాగితానికీ ఎప్పుడూ ఉండే తేడా. మిగతా షీట్లన్నీ 18న పంపాను, 23న ఆల్బమ్ వచ్చింది. 25న శ్రావణం మొదలు.

ఖర్చు చెబుతాను. మానిటర్ 27 వేలు, కార్డు 7,800, కేబుల్ 850, ర్యామ్ 2 వేలు, రంగు 1,800, కేలిబ్రేషన్ 500, టెస్ట్ షీట్లు, కార్గో కలిపి ఒక 900. మొత్తం 41 వేలకు కొంచెం తక్కువ. షీటుకు 60 చొప్పున చూస్తే దాదాపు 680 షీట్ల పని. షాపులో బేరమాడేటప్పుడు నా మనసులో ఉన్నది 27 వేలే. మీ కంప్యూటర్ పాతదైతే దాని పోర్టులు చూసుకోకుండా మానిటర్ ధర ఒక్కటే లెక్కేసుకోకండి. తలనొప్పి మాత్రం తగ్గింది. అది అద్దాల వల్లో, బ్రైట్‌నెస్ తగ్గడం వల్లో చెప్పలేను.

ఒకటి మాత్రం ఇప్పటికీ కుదరలేదు. కస్టమర్లకు షీట్లు ముందు వాట్సాప్‌లో పంపాలి. వాళ్లు ఫోన్ బ్రైట్‌నెస్ నిండా పెట్టుకుని చూసి, "ఇంకొంచెం డార్క్ చేయండి మేడమ్" అంటారు. అలా చేస్తే ప్రింటు మళ్లీ నల్లబడుతుంది. ఇప్పుడు ఫొటోగ్రాఫర్లకు చెప్పేశాను, రంగు గురించి మాట్లాడాలంటే ఒక టెస్ట్ షీటు వేయిద్దాం, పేర్లు, ఫొటోల వరస మాత్రమే వాట్సాప్‌లో చూసుకోమనండి అని. ఇద్దరు ఒప్పుకున్నారు. కోవూరు ఆయన టెస్ట్ షీటు డబ్బులు ఎవరిస్తారని అడుగుతున్నాడు, ఇంకా తేలలేదు.

పాత మానిటర్ అమ్మలేదు. ఫొటోషాప్ 7, ప్యానెళ్లు, వాట్సాప్ దాని మీద పెట్టుకున్నాను. రంగుల జోలికి దాన్ని రానివ్వను. స్క్రీన్ వాడే కొద్దీ రంగు మారుతుంది కాబట్టి కావలి అన్న మళ్లీ వస్తానన్నాడు. బాలాజీనగర్‌లో ఇంకో డిజైనర్‌ది కూడా అదే రోజు చేస్తాడట, ఛార్జీలు చెరిసగం పెట్టుకుంటాం.